మేకుకు తగిలించిన కాగితం

తాడేపల్లిగూడెం,
12 జూలై 1936.

మొహిద్దీన్ మామూకి, మేనల్లుడు అబ్దుల్ మజీద్, బి.ఏ., వెయ్యి సలాములతో రాస్తున్నది.

పేరు పక్కన ఆ రెండక్షరాలు చూసి విసుక్కోకండి. కొత్త చెప్పుల్లాంటివి. కొన్నాళ్లపాటు ఇంట్లో కూడా వేసుకు తిరగాలనిపిస్తుంది.

మీ కార్డు అందింది. యాభై రెండో ఏట ఇంగ్లీషు నేర్చుకుంటానన్నారు. మీ ఇల్లాలు, మా ముమానీ నవ్వుతోందని కూడా రాశారు. నేను నవ్వలేదు. ఒక్కసారి నవ్వి, తలుపు వేసుకుని, గంభీరంగా ఆలోచించాను.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మద్రాసు కంపెనీ దొర మీకు పన్నెండడుగుల తివాచీ పురమాయించాడు. సెప్టెంబరు ముప్పయ్యికి అది ఏలూరులో రైలెక్కాలి. సరిగ్గా చేరితే ఏడాది పొడుగునా మీ మగ్గానికి పని ఇస్తాడు. చేరకపోతే మీ దగ్గరున్న నలుగురూ పోయి జనపనార మిల్లు గేటు ముందు నిలబడతారు. పని ఎంతవరకు వచ్చిందో ఈలోగా ప్రతి శనివారం ఆయనకి ఉత్తరం రాయాలి. ఇన్నాళ్లూ మీకు ఇంగ్లీషు రాసిపెట్టిన ప్లీడరు గుమాస్తా పాండురంగారావుగారు ఏమడిగినా "అయిపోయిందండి" అనే రాస్తారు. పడుగు కట్టకముందే కిందటేడు ఆయన రెండు తివాచీలు పూర్తి చేసేశారు. దాంతో దొరకి మీమీదే కాదు, ఏలూరు మీదే నమ్మకం పోయింది.

కాబట్టి మీకు కావలసింది అయిపోయిన పని గురించిన ఇంగ్లీషు కాదు, అవుతున్న పని గురించిన ఇంగ్లీషు. కొల్లేటిలో గూడబాతు చేపని పట్టింది, ఇంకా మింగలేదు. ఆ నడిమి స్థితి అంటే ఇంగ్లీషువాడికి ఎంతో మక్కువ. దానికోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేసుకున్నాడు. "ఐ" వెంట "యామ్" అనే నౌకరు నడుస్తాడు. "హీ", "షీ", "ఇట్"ల వెంట "ఈజ్". మిగతా అందరి వెంట "ఆర్". ఒకరి నౌకరుని ఇంకొకరి వెంట పంపితే వాళ్లకి మహా కోపం. ఆ తరవాత చేసే పని పేరు చెప్పి, దాని వెనక "ఇంగ్" అనే తోక తగిలించాలి. ఐ యామ్ వీవింగ్: నేస్తున్నాను. హీ ఈజ్ వీవింగ్: అతను నేస్తున్నాడు. అంతే. దీనికోసమే గవర్నమెంటు నన్ను నాలుగేళ్లు కాలేజీలో కూర్చోబెట్టింది.

మీ ఇంట్లో తొలి పట్టభద్రుడు, కొంచెం దగ్గుతో,
మజీద్


ఏలూరు,
20 జూలై 1936.

చిరంజీవి మజీద్‌ని దీవించి మొహిద్దీన్ రాసేది.

దగ్గుకి మీ ముమానీ మిరియాల కషాయం తాగమంది. నువ్వు తాగవని నాకు తెలుసు. తాగానని ఆమెకి రాయి.

మొన్న శనివారం మొదటి ఉత్తరం నా చేత్తోనే రాశాను. బేళ్ల మీద విలాసాలు రాసీ రాసీ అక్షరాలు వచ్చుగదా, వాటిని కూర్చడమే కష్టమైంది. ఏం రాశానంటే: ఐ యామ్ వీవింగ్. బాజీ ఈజ్ ఈటింగ్. రెయిన్ ఈజ్ రెయినింగ్. చదివి చూసుకుంటే ఒక సందేహం వచ్చింది. రాసేటప్పుడు నేను పీటమీద కూర్చున్నాను, నేయడం లేదు. అబద్ధం రాసినట్టు కాదా? పాండురంగారావుగారికీ నాకూ తేడా ఏముంది?

బాజీ నిజంగానే తింటున్నాడులే. బాజీని నువ్వు చిన్నప్పుడు చూశావు. మగ్గం పక్కన కూర్చుని, ఎదురుగా మేకుకి తగిలించిన గళ్ల కాగితం చూస్తూ "ఎర్ర మూడు, నీలం ఒకటి, తెల్ల రెండు" అని పలుకుతాడు. మిగతా ముగ్గురూ ఆ రంగు ఉన్నితో ముడివేస్తారు. వాళ్లు కాగితం చూడరు, అతను పలికిందే వాళ్లకి బొమ్మ. ఇరవై రెండేళ్లలో ఒక్క గడి తప్పు పలకలేదు.

నీ పాఠం చదివినప్పుడు వస్తుంది, మగ్గం దగ్గరికి వెళ్లేసరికి పోతుంది. ఈ నౌకర్లందర్నీ పెద్ద అక్షరాలతో, రంగుల్లో, ఒక్క కాగితం మీదికి ఎక్కించి పంపు. ఎదురుగా పెట్టుకుంటాను. ఒక పని నడుస్తూ ఉండగా మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే ఎలాగో కూడా రాయి. వానలు వచ్చాయి. ఉన్ని ఆరడం లేదు. సంజాయిషీలు అవసరమయ్యేట్టున్నాయి.

మీ అమ్మ పేరున రొయ్యల పొట్టు పంపాను, అందిందో లేదో రాయమను.
మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
28 జూలై 1936.

మామూకి సలాం. రొయ్యల పొట్టు అందింది. అమ్మ దాన్ని వండుతున్నది, వీధి వీధంతా ముక్కు మూసుకుంటున్నది. రెండూ ఒకేసారి జరుగుతున్నవి. ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

మీ సందేహం గొప్పది. నేను పాఠాలు చెప్పే బడిలో మా హెడ్‌మాస్టరుగారికి కూడా ఇంతవరకు రాలేదు. పీటమీద కూర్చున్నా, మగ్గం మీద తివాచీ దిగకుండా ఉన్నంతకాలం మీరు నేస్తున్నట్టే. ఇంగ్లీషు ధర్మశాస్త్రం అందుకు ఒప్పుకుంటుంది. నిర్భయంగా రాయండి.

ఇక సంజాయిషీ. దానికి యామ్‌నీ ఈజ్‌నీ తీసేసి "వాజ్"ని పెట్టాలి. ఆర్‌ని తీసేసి "వర్"ని పెట్టాలి. తోక అలాగే ఉంటుంది. ఇందులో ప్రాణమంతా "ఇంతలో" అనే మాట దగ్గరుంది. నేను స్నానం చేస్తున్నాను, ఇంతలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు: ఐ వాజ్ బేదింగ్ వెన్ ది ఇన్‌స్పెక్టర్ కేమ్. ఇది నిజంగా జరిగింది. ఆయన ఏమన్నాడో పాఠానికి సంబంధించింది కాదు.

అడిగిన కాగితం దీనితో పంపుతున్నాను. దీనికి మూడు సాయంత్రాలు పట్టింది. మా బడి లెక్కల పుస్తకంలోని గళ్ల కాగితాలు అతికించి, గడి తరవాత గడి నింపుకుంటూ అక్షరాలు దిద్దాను. నౌకర్లు ఎర్ర సిరాలో, పని నీలంలో, తోక నల్ల సిరాలో. అయిదు వరసలు: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్. ప్రతిదాని పక్కనా వీవింగ్. ఒక్క చుక్క ఒలకలేదు. మంచి వెలుతురున్న చోట తగిలించండి.

సిరా మరకలతో కూడిన కుడిచేత్తో,
మజీద్


గుండుగొలను దగ్గర, కొల్లేటి లంక,
27 ఆగస్టు 1936.

మజీద్‌కి దీవెనలు.

ఇది లంక నుంచి రాస్తున్నాను. తరవాతి తివాచీకి ఉన్ని చూద్దామని గుండుగొలను వచ్చాను. గొర్రెల ఏడుకొండలు "ఉన్నంతా లంకలో మా బావమరిది ఇంట్లో ఉందండీ, ఇలా వెళ్లి అలా వచ్చేద్దాం" అని దోనె ఎక్కించాడు. ఇలా వచ్చాం. అలా వెళ్లడం మాత్రం లేదు. పైనుంచి వరద దిగింది, గాలి ఆగడం లేదు, దోనెవాడు తాడు విప్పనంటున్నాడు. ఆరు రోజులయింది. ఉన్ని మీదే పడుకుంటున్నాను. ఐ వాజ్ కమింగ్ వెన్ ది కొల్లేరు కేమ్. సరిగ్గా ఉందా?

పని ఆగకుండా చూసే వచ్చానులే. మధ్య భాగమంతా అయింది. చివరి అంచు ఒక్కటే మిగిలింది. బయలుదేరే హడావిడిలో "మేకుకి కాగితం ఉంది, చూసి అంచు ఎత్తుకో" అని బాజీకి చెప్పాను. నీ కాగితం కూడా బాగా ఉపయోగపడింది. మధ్యాహ్నం పూట వెలుతురు ఆ మేకు దగ్గరే పడుతుంది. నెలరోజులుగా అన్నం వేళ దాన్ని అక్కడే తగిలించుకుని, చూసి, మళ్లీ తీసేసి పెట్టెలో పెట్టేవాణ్ని.

నిన్న ముమానీ రాయించిన కార్డు ఏడుకొండలు మనిషి ఒక్కడే పట్టే తాటిదోనె మీద తెచ్చాడు, ఇదీ అతని చేతే పంపుతున్నాను. అందులో ఒక వింత ఉంది. "కొత్త కాగితం భలే నడుస్తోంది, రెండు వరసలు అయిపోయాయి, ఇలాంటిది జన్మలో చూడలేదు" అని బాజీ నాకు చెప్పమన్నాడట. బాజీకి ఇంగ్లీషు ఎందుకో నాకు తెలియలేదు. నేను లేనప్పుడు నీ కాగితం తీసి చదువుకుంటున్నట్టున్నాడు. నలభై ఏళ్ల మనిషి! అతన్ని చూసి నాకు సిగ్గేసింది.

దోమల మధ్య నుంచి,
మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
31 ఆగస్టు 1936.

మామూ! సలాం తరవాత చెబుతాను, ముందు ఆనందం.

బాజీ వారంలో రెండు వరసలా? నా మూడో ఫారం కుర్రాళ్లు జూన్‌లో యామ్ దగ్గర కూర్చున్నారు, ఇంకా లేవలేదు. ఇవాళ క్లాసులో బెత్తం బల్లమీద పెట్టి, ఏలూరులో బాజీ అనే ఒక మహానుభావుడు ఉన్నాడనీ, ఒక్క కాగితం చూసి తనంతట తాను ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడనీ ఉపన్యాసం ఇచ్చాను. వెనక బల్ల మీది కుర్రాడొకడు ఏడ్చాడు. ఆకలివల్లనని తరవాత తెలిసింది.

ముమానీకి వెంటనే కబురు పెట్టండి. బాజీని ఆపవద్దు. కాగితం పైకి చదవమనండి. మిగతా ముగ్గురూ వింటూ ఉంటే వాళ్లకీ పట్టుబడుతుంది. ఆ ముమానీ కార్డు దాచి ఉంచండి. నా కాగితానికి దొరికిన మొదటి యోగ్యతాపత్రం అది.

మీ వాక్యం చాలా బాగుంది. కొల్లేరు ముందు "ది" అక్కర్లేదు. కొల్లేరు మనది.

గురువుల గురువు,
మజీద్


ఏలూరు,
5 సెప్టెంబరు 1936.

మజీద్‌కి.

నిన్న ఇల్లు చేరాను.

నేను వచ్చేసరికి బాజీ చదువుతున్నాడు. మిగతా ముగ్గురూ వింటున్నారు. నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. మగ్గం మీద.

నేను ఊరెళ్లిన రోజున మేకుకి ఉన్నది నీ కాగితం. అంచు బొమ్మ పెట్టెలోనే ఉండిపోయింది. గళ్లు, మూడు రంగులు, ఆ మేకు. బాజీ ఇంకేం చూస్తాడు? కింది గడి నుంచి పైకి పలకడం వాడుక కాబట్టి నీ కింది వరస ముందు పడింది. వర్ వీవింగ్, దానిమీద వాజ్ వీవింగ్, ఆర్, ఈజ్. మూరెడు అంచు. యామ్ ఒక్కటే మిగిలింది. ఏ అంచు అయినా సగం నేసి, మిగతా సగానికి కాగితాన్ని తిరగేసి పలుకుతాం. బాజీ అలాగే తిరగేశాడు. అందుకని ఎడమ సగంలో ఇంగ్లీషు, కుడి సగంలో అదే ఇంగ్లీషు అద్దంలో చూసినట్టు.

పన్నెండడుగుల తివాచీ. మూడు నెలల పని. ఇరవై అయిదు రోజుల్లో రైలెక్కాలి.

మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
7 సెప్టెంబరు 1936.

మామూకి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, దాచను. మూడోసారి చదివి కాగితం, కలం తీసుకున్నాను.

ఉపాయాలు రాస్తున్నాను. ఒకటి: అది పాత పారశీక లిపి అనీ, అర్థం తెలిసినవాళ్లు ఇప్పుడు లేరనీ దొరకి రాద్దాం. రెండు: ఇంగ్లండు రాజుగారి గౌరవార్థం నేశామందాం. మూడు: తివాచీ పోయేది ఏదో పెద్ద భవంతికి గదా, ఆ అంచు మీద బీరువా పెట్టమని సలహా ఇద్దాం.

నాలుగోది: గళ్ల కాగితం ఎంచుకున్నవాణ్ని నేను. మీ ఇంట్లో పుట్టిపెరిగిన అమ్మ కడుపున పుట్టి, గళ్ల కాగితమంటే మీ మగ్గానికి ఏమిటో నాకు తట్టలేదు. ఆ మాటే దొరకి రాయండి. తప్పు నా పేరున వేయండి. బి.ఏ.తో సహా.

మజీద్


ఏలూరు,
10 సెప్టెంబరు 1936.

మజీద్‌కి దీవెనలు.

నీ మూడు ఉపాయాలూ పాండురంగారావుగారికి నచ్చుతాయి. ఆయన నిన్న వచ్చి, "అయిపోయిందని ఒక్క ముక్క రాసి పడేద్దామండీ, తరవాత సంగతి తరవాత" అన్నారు. మజ్జిగ ఇచ్చి పంపించాను. నాలుగోదీ వద్దు. కాగితం తీయడం మరిచినవాణ్ని నేను. శనివారం నాడు ఉన్నదున్నట్టు రాస్తాను. విప్పి, మళ్లీ నేస్తాం.

అయితే విప్పేవాళ్లు లేరు. నేను వచ్చిన రోజు గుమ్మంలోంచే చూసి బాజీ మీద కేకలు వేశాను. "నీకు కళ్లున్నాయా, గాజు గోళీలా?" అన్నాను. ఇరవై రెండేళ్లలో అతన్ని ఒక్క మాట అని ఎరగను. బాజీ లేచి, చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. గణపవరంలో వాళ్ల అక్క నఫీసా ఇంట్లో ఉన్నాడట. మిల్లులో పేరు రాయించమని ఎవరికో చెప్పాడట కూడా. మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. "బాజీ పలికిన ముడి బాజీ లేకుండా విప్పమండీ" అంటారు. విప్పినా పలికేవాడేడీ? నేను పలికి చూశాను. నాలుగు వరసలకే నీలం అనబోయి ఆకుపచ్చ అన్నాను.

నీకు గణపవరం దగ్గర. వెళ్లు. హాస్యాలు ఆడకు.

మొహిద్దీన్


గణపవరం,
13 సెప్టెంబరు 1936.

మామూకి సలాం.

హాస్యాలు ఆడలేదు. ఒక్కటి ఆడాను, అది పారలేదు.

బాజీ అక్కగారి అరుగు మీద ఎవరిదో చేపల వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి, "రండి బాబూ, కూర్చోండి" అన్నాడు. నేను కూర్చున్నాను. అతను మళ్లీ వల అందుకున్నాడు. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"బాజీ, తప్పు గీసినవాణ్ని నేను. నన్ను తిట్టు."

"తప్పేముందండీ అందులో? బొమ్మ బాగానే ఉంది. వేరే కాగితం ఆ మేకుకి ఎక్కింది, అంతే."

"మరి అది అంచు బొమ్మలా లేదని అనుమానం రాలేదూ?"

"ఎందుకు రాలేదండీ! పువ్వు లేదు, ఆకు లేదు. లండన్‌లో ఇప్పుడిదే కాబోలు అనుకున్నాను. ఇంత కొత్త పని నా చేతికి వదిలేసి ఊరెళ్లారంటే ఎంత నమ్మకమో అనుకున్నాను."

ఆ మాటకి నేను వల రెండో కొస అందుకుని పట్టుకున్నాను మామూ.

"కేకలేశారని కోపమా?"

"కేకలకేముందండీ, పెద్దవారు. ఏవండీ, ఆ చివర గుండ్రంగా లోపలికి తిరిగే అక్షరం ఉంది చూశారూ?"

"జి."

"అదేనండీ. ముడులన్నీ చదరంగా ఉంటాయి, అదేమో గుండ్రం. దాని వంపు తీయడానికి మాకు ఒక పూట పట్టింది. కుడివైపు తిరగేసినప్పుడు మరీ కష్టం. ఒక్క ముడి తేడా లేకుండా వచ్చింది. మీ మామయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి చూశారండీ. దగ్గరికొచ్చి చూడలేదు. విప్పెయ్యమన్నారు. విప్పుతానండీ, నాకేం? చూడకుండా విప్పెయ్యమంటే ఎలాగండీ?"

ఇదీ అతని షరతు. మీరు పగటి వెలుతురులో మగ్గం దగ్గరికెళ్లి, కూర్చుని, మొత్తం చూడాలి. ఎలా ఉందో చెప్పాలి. ఆ తరవాత తనే వచ్చి తన చేత్తో విప్పుతాడు. ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. రేపు ఉదయం మొదటి బస్సుకి అతన్ని ఎక్కిస్తాను. నేను నిలబడి ఎక్కిస్తున్నాననే రాస్తున్నాను, ఎక్కించేశానని రాయడం లేదు.

తలవంచుకుని,
మజీద్


ఏలూరు,
24 సెప్టెంబరు 1936.

చిరంజీవి మజీద్‌ని దీవించి మామూ రాసేది.

బాజీ చేరాడు. అతను వచ్చేలోగానే చూద్దామని ఆ ఉదయం మగ్గం దగ్గర కూర్చున్నాను. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చూశాను. చెయ్యి పెట్టి తడిమాను. నిజం చెబుతున్నాను మజీద్, మా నాన్న చేతి పనిలో కూడా అంత శుభ్రమైన వంపు చూడలేదు. తలెత్తేసరికి బాజీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "ఈ గుండ్రం ఎలా తీశావురా?" అన్నాను. వచ్చి పక్కన కూర్చుని చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. మీ ముమానీ రెండుసార్లు అన్నానికి పిలిచింది.

మర్నాటి నుంచి విప్పుతున్నాడు. నేసినదానికంటే నెమ్మదిగా. నేను తొందర పెట్టలేదు.

దొరకి పన్నెండో తేదీ శనివారం నేనే రాశాను: మై మెన్ వర్ వీవింగ్. ఐ వాజ్ ఇన్ కొల్లేరు. రాంగ్ పేపర్ వాజ్ హ్యాంగింగ్. నౌ బాజీ ఈజ్ నాట్ హియర్. వుయ్ ఆర్ వెయిటింగ్. పందొమ్మిదిన మళ్లీ రాశాను: బాజీ ఈజ్ అన్‌టైయింగ్. ఐ యామ్ సిట్టింగ్ బై హిమ్. ఇట్ ఈజ్ వెరీ గుడ్ వర్క్. అందులో తప్పులుంటే ఇప్పుడు చెప్పకు, పోస్టులో వేసేశాను.

ఇవాళ జవాబు వచ్చింది. నీకోసం ఆగలేక బడి మాస్టారు రాజరత్నంగారి చేత చదివించాను. దొర రాసినది ఇదీ. పదేళ్ల నుంచి ఏలూరుతో వ్యవహారం చేస్తున్నాడట. ఏదైనా చెడితే అది పెట్టె విప్పాకే తనకి తెలిసేదట. పెట్టె కట్టకముందే చెప్పినవాణ్ని నన్నే చూశాడట. తివాచీకి అక్టోబరు ముప్పయ్యొకటి దాకా గడువు ఇచ్చాడు. దాని వెనకే ఇంకో రెండింటికి పడుగు కట్టుకోమన్నాడు. శనివారం ఉత్తరం మాత్రం మానవద్దన్నాడు. చివర ఒక ముక్క: ఆ అంచు చూడాలని తనకి చాలా ఆశగా ఉందట.

ఉత్తరమంతా తెలుగు చేసి బాజీకి వినిపించాను. చెయ్యి ఆపకుండా విన్నాడు. చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఇంకా రెండు వరసలు మిగిలి ఉన్నాయి. వాటికేసి చూసి, మళ్లీ ఉన్ని పోగు పట్టుకుని అన్నాడు:

"అయితే తొందరగా రమ్మని రాయండి. విప్పుతున్నాను."